ఆకారం ఒకటి, భాష వేరు: మదర్‌బోర్డు మీద డిస్కుల చోటు

గత భాగంలో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ల సంగతి చూశాం. ఈసారి డిస్కుల వంతు. మదర్‌బోర్డు అంచున వరుసగా కనిపించే ఆ ప్లాస్టిక్ సాకెట్లలో ఏది ఏ డిస్కుదో గుర్తుపట్టడం చరిత్ర వ్యాసానికి తగిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. తగినదే, ఎందుకంటే ఈ కథను మనకు చెబుతూ వచ్చిన తీరులోనే ఒక పొరపాటు ఉంది. మామూలుగా చెప్పేది ఇది: మొదట రెండంగుళాల వెడల్పు ఐడీఈ రిబ్బన్ కేబుల్ ఉండేది, తర్వాత సన్నని సాటా కేబుల్ వచ్చింది, ఇప్పుడు కేబులే అక్కర్లేకుండా నేరుగా బోర్డులో దిగే ఎం.2 వచ్చింది, వేగం పెరిగింది, పని తేలికైంది. వేగం మాట నిజం. బిగించడం తేలికైందన్నదీ చాలావరకు నిజం. గుర్తుపట్టడం తేలికైందన్నది మాత్రం నిజం కాదు. బోర్డును చూసి 'ఇక్కడ ఈ రకం డిస్కే పనిచేస్తుంది' అని కంటితో ఖాయంగా చెప్పగలిగిన కాలం పర్సనల్ కంప్యూటర్ చరిత్రలో చాలా కొద్దిది. ఉజ్జాయింపుగా 1990ల నడుమ మొదలై 2010 ప్రాంతంలో అది ముగిసింది. దానికి ముందు అలా చెప్పడం కుదిరేది కాదు, ఇప్పుడూ కుదరడం లేదు. ఆ నడిమి కాలాన్నే మనం నియమం అనుకుంటున్నాం. అది మినహాయింపు అన్నది నా వాదన.

ఈ వాదనను హైదరాబాదు బజారులో కాక పాలమూరు దక్షిణాన నిలిపి చూడడానికి కారణం ఉంది. రాజధానిలో కంప్యూటర్లు ఏడాది పొడవునా మారుతూనే ఉంటాయి, కాలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వంటి పట్టణాలకు అవి ఎక్కువగా ప్రభుత్వ పథకాల వెంట విడతలుగా వచ్చాయి, ఆ విడతలకు తేదీలున్నాయి. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ల శాఖ 'కార్డ్' పేరుతో రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో దస్తావేజుల పనిని కంప్యూటర్ మీదికి ఎక్కించింది. 2008లో దాదాపు 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టి, అయిదేళ్లు నడిపి, ఆ తర్వాత బడికి అప్పగించే ఒప్పందాలతో మరో పథకం వచ్చింది. 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు విడివడి, ఎక్కడికక్కడ కొత్త కలెక్టరేట్లు, వాటి చుట్టూ పదుల కొద్దీ శాఖల జిల్లా కార్యాలయాలు పుట్టుకొచ్చాయి. ఏ కార్యాలయంలో ఏ కంపెనీ బోర్డు పెట్టారన్నది ఇక్కడ మనకు అక్కర్లేదు. ఆ మూడు సంవత్సరాల్లో అంగట్లో దొరికిన మామూలు డెస్క్‌టాప్ ఎలా ఉండేదో తెలిస్తే చాలు. 1998లో అది నలభై పిన్నుల ఐడీఈ బోర్డు. 2008లో సాటా బోర్డు, పక్కన ఒక ఐడీఈ సాకెట్ మిగిలి ఉన్నది. 2016లో సాటాతో పాటు ఎం.2 స్లాట్ కూడా ఉన్నది. మూడు విడతలు మూడు యుగాల్లో పడ్డాయి. చరిత్రకారుడికి ఇంత అనుకూలమైన కాలక్రమం అరుదుగా దొరుకుతుంది.

ముందు మినహాయింపుకు వెనకటి కాలం. హైదరాబాదులో ఈసీఐఎల్ 1967లో పుట్టి 1969లో టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసిన రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. యంత్రం తయారుచేసినవారే దాన్ని తీగలతో కలిపేవారు, వారే మరమ్మతు చేసేవారు. కొన్నవాడు మూత తెరిచి డిస్కు మార్చుకోవడం అనే ఊహ పర్సనల్ కంప్యూటర్‌తోనే వచ్చింది. 1980లో షుగార్ట్ టెక్నాలజీ, అంటే నేటి సీగేట్, 5 మెగాబైట్ల ఎస్‌టీ-506 డిస్కును తెచ్చింది. దానికి రెండు కేబుళ్లు ఉండేవి: ఆజ్ఞలకు 34 తీగలది, సమాచారానికి 20 తీగలది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల డిస్కుతో వచ్చినప్పుడు ఈ పద్ధతినే వాడింది. అప్పుడు డిస్కు సాకెట్ మదర్‌బోర్డు మీద ఉండేది కాదు, స్లాట్‌లో దింపిన వేరే కంట్రోలర్ కార్డు మీద ఉండేది. చిక్కు ఎక్కడంటే, ఫ్లాపీ డ్రైవు కేబుల్ కూడా 34 తీగలదే. రెండు కేబుళ్ల మధ్యలోనూ కొన్ని తీగలను మెలితిప్పి ఉంచేవారు, ఏ డ్రైవు మొదటిదో ఏది రెండోదో యంత్రానికి తెలియడానికి. ఫ్లాపీ కేబుల్‌లో ఆ మెలిక 10 నుంచి 16 వరకు ఉన్న తీగల్లో, హార్డ్ డిస్కు కేబుల్‌లో 25 నుంచి 29 వరకు ఉన్న తీగల్లో. మెలిక ఎక్కడుందో లెక్కపెట్టనివాడికి రెండూ ఒకటే. అందువల్ల తొలి పీసీల్లో ఆకారం చూసి భాష చెప్పడం కుదిరేది కాదు.

1986 ప్రాంతంలో కాంపాక్, వెస్టర్న్ డిజిటల్, కంట్రోల్ డేటా కలిసి కంట్రోలర్‌ను కార్డు మీది నుంచి తీసి డిస్కులోనే పెట్టారు. అదే ఐడీఈ. కేబుల్ ఒక్కటే అయింది, 40 పిన్నులది. ఇక గందరగోళం తీరిందని చాలా పుస్తకాలు ఇక్కడే చెప్పేస్తాయి. తీరలేదు. ఎక్స్‌టీ తరగతి యంత్రాల కోసం 8 బిట్ల ఐడీఈ ఒకటి ఉండేది. దానికీ 40 పిన్నులే, 16 బిట్ల ఐడీఈతో మాత్రం పొసగదు. సీడీ డ్రైవులు వచ్చాక పరిస్థితి ఇంకా చెడింది. 1990ల తొలి ఏళ్లలో సీడీ డ్రైవును మదర్‌బోర్డుకు కాక సౌండ్ కార్డుకు తగిలించేవారు. పానసోనిక్‌ది 40 పిన్నుల సాకెట్, మిత్సుమిదీ 40 పిన్నులే, సోనీది 34. ఒకే సౌండ్ బ్లాస్టర్ కార్డు మీద ఈ మూడింటికీ మూడు సాకెట్లు వరుసగా పెట్టి అమ్మిన సందర్భాలున్నాయి. వాటిలో రెండు చూడడానికి ఐడీఈ లాగే ఉంటాయి, ఏ ఒక్కటీ ఐడీఈ కాదు. నేటి ఎం.2 ను తిట్టుకునేవారు ఈ కార్డును ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఒకే ఆకారం వెనక పరస్పరం తెలియని భాషలు దాగి ఉండడం మన కాలపు కొత్త జబ్బేమీ కాదు.

మినహాయింపు కాలాన్ని తెచ్చినవి మూడు మార్పులు, మూడూ ఇంచుమించు ఒకేసారి జరిగాయి. 1994లో ఐడీఈ పద్ధతి ఏటీఏ పేరుతో అమెరికా ప్రమాణంగా ముద్ర వేసుకుంది. సీడీ డ్రైవులు కూడా అదే కేబుల్ మీద మాట్లాడే ఏటాపీ పద్ధతి వచ్చి, సౌండ్ కార్డు మీది విడ్డూరాలను తుడిచిపెట్టింది. ఇంటెల్ 1995 నాటి పెంటియం చిప్‌సెట్లతో ఐడీఈ కంట్రోలర్ మదర్‌బోర్డులోకే వచ్చేసి, బోర్డు అంచున ప్రైమరీ, సెకండరీ అనే రెండు సాకెట్లు స్థిరపడ్డాయి. ఒక్కోదానికి రెండు డ్రైవులు. అప్పటి నుంచి బోర్డు చూసినవాడు తడుముకోనక్కర్లేదు: 40 పిన్నులుంటే ఐడీఈ, 34 ఉంటే ఫ్లాపీ. 40 పిన్నుల్లో ఇరవయ్యోది లేకుండా ఖాళీ ఉంచి, కేబుల్ వైపు ఆ రంధ్రాన్ని పూడ్చేశారు, తిరగేసి దిగకుండా. కేబుల్ అంచున ఎర్ర గీత ఉన్న తీగ ఒకటో పిన్నుది. కరెంటు వేరే నాలుగు తీగల సాకెట్‌లో వచ్చేది. పసుపు 12 వోల్టులు, ఎరుపు 5 వోల్టులు, రెండు నలుపులు గ్రౌండు. 1998లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో డిస్కు చెడిపోతే, మూత తెరిచిన మనిషికి, ఏ డ్రైవు మొదటిదో చెప్పే చిన్న బిళ్లను, అంటే జంపర్‌ను, మాస్టర్‌కా స్లేవ్‌కా పెట్టాలన్న సందేహం వచ్చి ఉండవచ్చు. ఈ సాకెట్‌లో ఏది పెట్టాలన్న సందేహం మాత్రం రాదు.

దీనికి ఒక ఆక్షేపణ వెంటనే వస్తుంది, సరైన ఆక్షేపణే. ఐడీఈలో కూడా రెండు రకాల కేబుళ్లు ఉండేవి కదా, పాతది 40 తీగలది, తర్వాతది 80 తీగలది? ఉండేవి. సెకనుకు 66 మెగాబైట్ల వేగం వచ్చేసరికి పక్కపక్క తీగల మధ్య సంకేతాలు ఒకదాన్నొకటి చెడగొట్టుకోవడం మొదలై, ప్రతి తీగ పక్కనా ఒక గ్రౌండు తీగ అదనంగా వేశారు. పిన్నులు మాత్రం 40 గానే ఉంచారు. అంటే చివర చూస్తే తేడా తెలియదు, తీగలు లెక్కపెట్టాలి. కానీ ఇక్కడ ఇంజనీర్లు చేసిన ఏర్పాటు గమనించదగ్గది. 80 తీగల కేబుల్‌లో బోర్డు వైపు నీలం, నడుమ బూడిద రంగు, చివర నలుపు అని రంగులు నిర్ణయించారు. నీలం చివరలో 34వ పిన్నును గ్రౌండుకు కలిపి ఉంచారు, దాన్ని చూసి బోర్డే కేబుల్ ఏదో తెలుసుకుంటుంది. పాత కేబుల్ పెడితే వేగం 33 కి దిగుతుంది, పని ఆగదు. తప్పు చేస్తే నెమ్మదించడం వేరు, ఆగిపోవడం వేరు. నేను గుర్తుపట్టడం అంటున్నది రెండో రకం తప్పు నుంచి కన్ను మనల్ని కాపాడగలదా అన్నది. ఐడీఈ చివరి పదేళ్లలో కాపాడింది.

సాటా ఈ గుణాన్ని ఇంకా పైకి తీసుకెళ్లింది. సమాంతరంగా పదహారు తీగల మీద ఒకేసారి పంపే పద్ధతి సెకనుకు 133 మెగాబైట్ల దగ్గర ఆగిపోయింది; అన్ని తీగల సంకేతాలూ ఒకే క్షణాన చేరాలన్న నియమం వేగం పెరిగేకొద్దీ నిలబెట్టుకోలేనిదైంది. దాని బదులు పోవడానికి ఒక జత, రావడానికి ఒక జత, వాటి మధ్య, రెండు అంచుల్లో కలిపి మూడు గ్రౌండ్లు, మొత్తం ఏడు కొసలతో సాటా వచ్చింది. 2003లో ఇంటెల్ ఐసీహెచ్5 చిప్‌తో మామూలు బోర్డుల్లోకి దిగింది. సాకెట్ లోపల ఎల్ అక్షరం ఆకారపు మలుపు ఉండడంతో తిరగేసి పెట్టడం అసాధ్యం. ఒక పోర్టుకు ఒకే డిస్కు కాబట్టి జంపర్ గొడవ పోయింది. సెకనుకు 1.5 గిగాబిట్లతో మొదలై 3, 2009లో 6 గిగాబిట్లకు చేరినా సాకెట్ మారలేదు. కొత్త డిస్కు పాత పోర్టులో, పాత డిస్కు కొత్త పోర్టులో పనిచేస్తుంది. 2006లో ఇంటెల్ తన ఐసీహెచ్8 చిప్ నుంచి ఐడీఈని పూర్తిగా తీసేసింది. అయినా సీడీ డ్రైవులు ఇంకా ఐడీఈవే కాబట్టి బోర్డు తయారీదారులు జేమైక్రాన్ వంటి కంపెనీల చిన్న చిప్పును అదనంగా అతికించి ఒక్క ఐడీఈ సాకెట్ నిలబెట్టారు. 2008 విడత బోర్డులు ఈ సంధికాలపువి. ఒకే బోర్డు మీద రెండు యుగాలు పక్కపక్కన ఉన్నా చూసేవాడికి తికమక లేదు, వాటి ఆకారాలు ఒకదానితో ఒకటి పోలవు కనుక.

కానీ పగులు మొదలైంది కూడా ఇక్కడే, కంటికి కనబడని చోట. సాటా పోర్టును బయోస్‌లో రెండు రకాలుగా నడపవచ్చు: పాత ఐడీఈని అనుకరిస్తూ, లేదా ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో. విండోస్ ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ తెలియదు. కేబుల్ సరిగ్గా ఉంది, డిస్కు మంచిది, కరెంటు వస్తోంది, అయినా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హార్డ్ డిస్కు లేదని తెర మీద చెబుతుంది. ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవర్ ఎక్కించాలి. అప్పటికి ఫ్లాపీ డ్రైవులు కనుమరుగవుతున్నాయి, అదొక వింత. అనుభవం లేనివాడు డిస్కు పోయిందనుకుని కొత్తది తెప్పించేవాడు. ఆకారం సరిపోయినా భాష కుదరని పరిస్థితి సౌండ్ కార్డు రోజుల తర్వాత మళ్లీ తలెత్తింది ఇప్పుడే. 2009లో వచ్చిన ఎంసాటా దాన్ని బోర్డు మీదికే తెచ్చింది: ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు దిగే మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఆకారాన్నే తీసుకుని దానిలో సాటా సంకేతాలు పంపారు. స్లాట్ చూస్తే ఏది ఏదో చెప్పలేం.

2013లో ప్రమాణం ఖరారై, 2014 వేసవిలో, సరిగ్గా తెలంగాణ రాష్ట్రం ఏర్పడుతున్న రోజుల్లో, ఇంటెల్ 9 శ్రేణి చిప్‌సెట్ల బోర్డులతో ఎం.2 మామూలు డెస్క్‌టాప్‌ల్లోకి వచ్చింది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, ఎక్కువగా 80 మిల్లీమీటర్ల పొడవు. అందుకే 2280 అంటారు. 2242, 2260, 22110 కూడా ఉన్నాయి. ఈ ఒక్క స్లాట్‌లో సాటా కూడా ప్రవహించవచ్చు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా ప్రవహించవచ్చు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద 2011లో వెలువడిన ఎన్‌వీఎంఈ అనే భాష నడుస్తుంది, అది సాటా భాషకు పూర్తిగా భిన్నం. సాటా ఎం.2 కార్డు సెకనుకు సుమారు 550 మెగాబైట్లు ఇస్తే, నాలుగు లేన్ల (సమాచారం పోయే దారుల) మూడో తరం ఎన్‌వీఎంఈ 3,500 దాటుతుంది. ఈ రెండు కార్డులు చేతిలోకి తీసుకుంటే ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నిజాం రైల్వే కాలంలో గద్వాల మీదుగా వేసిన మీటర్‌గేజ్ 1990లలో బ్రాడ్‌గేజ్ అయినప్పుడు పట్టాల మధ్య దూరం చూస్తే చాలు, ఏ బండి నడుస్తుందో పిల్లవాడైనా చెప్పేవాడు, ఎం.2 లో పట్టాల వెడల్పు ఒకటే, బండి ఎక్కించి చూస్తే గాని ఆ దారి దానిదో కాదో తెలియదు.

దీనికి ప్రధానమైన జవాబు, ఎం.2 పక్షాన వినిపించేది, గంట్ల గురించి. 75 కొసల వరుసలో 12 నుంచి 19 వరకు ఖాళీ ఉంటే బీ కీ, 59 నుంచి 66 వరకు ఖాళీ ఉంటే ఎం కీ. వైఫై కార్డులకు 'ఈ' (ఇంగ్లిష్ E) కీ. గంటు చూసి గుర్తుపట్టవచ్చు కదా? కార్డు వైపు కొంతవరకు పట్టవచ్చు. రెండు గంట్లున్న కార్డు ఎక్కువగా సాటాది, ఒక్క ఎం గంటు ఉన్నది ఎక్కువగా ఎన్‌వీఎంఈ. 'ఎక్కువగా' అన్న మాటను నేను ఉత్తినే వాడలేదు: రెండే లేన్లు వాడే కొన్ని ఎన్‌వీఎంఈ కార్డులకు కూడా రెండు గంట్లుంటాయి. బోర్డు వైపు ఇంకా కష్టం. ఎం కీ స్లాట్ ఉన్నంత మాత్రాన అందులో ఏది నడుస్తుందో తెలియదు. కొన్ని బోర్డుల్లో రెండూ నడుస్తాయి, కొన్నింటిలో ఎన్‌వీఎంఈ మాత్రమే. రెండు గంట్ల సాటా కార్డు ఎన్‌వీఎంఈ మాత్రమే తెలిసిన ఎం స్లాట్‌లో చక్కగా దిగుతుంది, స్క్రూ కూడా బిగుస్తుంది, బయోస్‌లో కనబడదు. గంటు కార్డును తిరగేసి పెట్టకుండా ఆపుతుంది, వోల్టేజీ ప్రమాదాలను ఆపుతుంది. భాష కుదురుతుందో లేదో చెప్పే బాధ్యతను అది తీసుకోలేదు. ఆ బాధ్యత ప్లాస్టిక్ నుంచి మాన్యువల్ పేజీల్లోకి జారిపోయింది.

రంగులు, బోర్డు మీది రాతలు కూడా ఆశించినంత సాయం చేయవు. 80 తీగల ఐడీఈ కేబుల్ రంగులకు ప్రమాణం ఉండేది; సాటా పోర్టుల రంగులకు ఏ ప్రమాణమూ లేదు. ఒక కంపెనీ వేగమైన పోర్టులకు తెలుపు వేస్తే, మరొకటి నీలం వేసింది, ఇంకొకటి అన్నీ నలుపే వేసింది. ఎర్ర సాటా కేబుల్ వేగమైనదని నమ్మి ఎక్కువ ధర ఇచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. అది వట్టి రంగు. బోర్డు మీద అచ్చువేసిన పేర్లు ఇంతకన్నా నమ్మదగినవి: ఎసూస్ బోర్డుల్లో సాటా6జీ_1 అంటే ఆరు గిగాబిట్ల పోర్టు అని అర్థం, పాత బోర్డుల్లో పీఆర్ఐ_ఐడీఈ అంటే ప్రైమరీ ఐడీఈ. ఎం.2 దగ్గర మాత్రం చాలా బోర్డులు ఎం2_1 అని రాసి ఊరుకుంటాయి, అంటే స్లాట్ వరుస సంఖ్య చెబుతాయి, భాష చెప్పవు. ఇక సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవచ్చు కదా అనేవారికి జవాబు తేలిక. సాఫ్ట్‌వేర్ పనిచేయాలంటే యంత్రం ముందు లేవాలి. డిస్కు మార్చాలనుకునేది ఎక్కువగా అది లేవనప్పుడే.

ఇంకో చిక్కు ఉంది, నన్ను అడిగితే ఇదే అసలైనది. చిప్‌సెట్‌లో లేన్లు పరిమితం. అందుకని చాలా బోర్డుల్లో ఎం.2 స్లాట్‌ను వాడితే దానితో లేన్లు పంచుకునే ఒకటో రెండో సాటా పోర్టులు మూతబడతాయి. 2016 నాటి కంప్యూటర్‌కు ఎం.2 కార్డు చేర్చిన రోజే పాత హార్డ్ డిస్కు కనిపించకుండా పోతే, కేబుల్ మార్చి, డిస్కు మార్చి, చివరకు అది చచ్చిపోయిందని తేల్చేసే అవకాశం ఎక్కువ. దాన్ని పక్క పోర్టులోకి మారిస్తే చాలని మాన్యువల్‌లో ఒక పట్టికలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మదర్‌బోర్డు చరిత్రలో ఒక సాకెట్‌లో ఏదో పెట్టడం వల్ల ఇంకో సాకెట్ పనిచేయకుండా పోవడం డిస్కుల విషయంలో ఇంత సాధారణం కావడం ఇదే మొదలు. ఐడీఈ కాలంలో సాకెట్ ఒక చోటు. ఇప్పుడది ఒక ఏర్పాటులో భాగం, పక్కవాటితో ముడిపడినది. కన్ను ఒక సాకెట్‌ను చూస్తుంది, ఏర్పాటును చూడలేదు.

ఇదంతా టెక్నీషియన్ల గొడవ, మామూలు పాఠకుడికేం పట్టింది అనవచ్చు. టెక్నీషియన్లకు ఈ ప్రాంతంలో కొరత ఏమీ లేదు. వనపర్తి సంస్థానం భవనంలో 1959లోనే పాలిటెక్నిక్ మొదలైన నేల ఇది, కంప్యూటర్ రాకముందు రెండు తరాలు యంత్రాలు విప్పి బిగించడం నేర్చుకున్నాయి. కొరత దూరంలో ఉంది. విడిభాగాల పెద్ద అంగడి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ). కల్వకుర్తి మీదుగా అక్కడికి పోయి తప్పు కార్డు తెస్తే, దాన్ని మార్చుకోవడానికి మరో పనిదినం పోతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా సీలు విప్పిన కార్డును వెనక్కి తీసుకునేదాకా ఎదురుచూపే. సీటీసీ పక్క వీధిలో ఉన్నవాడికి గుర్తుపట్టడంలో తప్పు అరగంట నష్టం. అచ్చంపేటలో మీసేవ కేంద్రం నడిపేవాడికి అది రెండు రోజులు కేంద్రం మూసిపెట్టడం. ఆకారమే సమాధానం చెప్పిన కాలంలో ఈ దూరానికి ఖరీదు తక్కువ. సమాధానం మాన్యువల్‌లోకి, ఇంగ్లిష్ పట్టికల్లోకి మారినప్పుడు ఆ ఖరీదు పెరిగింది, అది మోసేది దూరాన ఉన్నవాడే. బోర్డు రూపొందించినవారు చేసిన నేరం కాదిది. పలుచని ల్యాప్‌టాప్‌ల కోసం ఒకే స్లాట్‌లో అన్నీ ఇమడ్చాలన్న ఒత్తిడి నిజమైనది, అది లేకపోతే ఇన్ని చౌక ల్యాప్‌టాప్‌లు ఉండేవే కావు. అయినా ఆ ఒత్తిడి ఖర్చు ఎవరి మీద పడిందో చెప్పకుండా ప్రగతి కథ చెప్పడం సగం కథ చెప్పడమే.

సాటా అయినా ఇప్పటికీ నికరంగా ఉందా అంటే, పూర్తిగా లేదు. 2016లో వచ్చిన సాటా 3.3 ప్రమాణం కరెంటు సాకెట్ 15 పిన్నుల్లో మూడో పిన్నుకు కొత్త అర్థం ఇచ్చింది. ఒకప్పుడు అది 3.3 వోల్టుల సరఫరా. డేటా సెంటర్ల డిస్కుల్లో ఇప్పుడు ఆ పిన్ను మీద వోల్టేజీ వస్తే డిస్కు ఆగిపోవాలి, దూరం నుంచి డిస్కును ఆపి మళ్లీ లేపడానికి. అటువంటి డిస్కును పాత పవర్ సప్లైకి తగిలిస్తే సాకెట్ సరిగ్గా దిగుతుంది, డిస్కు తిరగదు. పెద్ద సైజు ఎక్స్‌టర్నల్ డిస్కు డబ్బా విప్పి లోపలిది వాడుకోవాలనుకున్న చాలామంది దీనితో తలబద్దలు కొట్టుకున్నారు. ఆకారానికి ఒక అర్థం ఇచ్చి, దాన్ని కోట్ల యంత్రాల్లోకి పంపి, తర్వాత అదే ఆకారానికి ఇంకో అర్థం ఇవ్వడం ఎంత సులువో ఈ ఒక్క పిన్ను చాలు చూపడానికి.

ఈ ధారావాహిక చదివేవారిలో స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు చాలామంది కాబట్టి చివరగా వారికి పనికొచ్చే సంగతి ఒకటి. 1990ల చివర, 2000ల తొలి ఏళ్లలో జిల్లా పట్టణాల డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాలు, కరపత్రాలు, సావనీర్లు లెక్కలేనన్ని. వాటి అచ్చుప్రతులు చాలావరకు చిరిగిపోయాయి. ఫైళ్లు మూలనపడ్డ డిస్కుల్లో ఉన్నాయి. అటువంటి డిస్కు దొరికితే దాన్ని గుర్తుపట్టడం తేలిక. వెనక 40 పిన్నుల వరుస, పక్కన జంపర్లు, నాలుగు తీగల కరెంటు సాకెట్. యూఎస్‌బీ నుంచి ఐడీఈకి మార్చే తొడుగు ఒకటి కొంటే, మోటారు బతికి ఉన్నట్టయితే, లోపలిది చదవవచ్చు. ల్యాప్‌టాప్ డిస్కు అయితే 44 పిన్నులు, పిన్నులు ఇంకా దగ్గరగా ఉంటాయి, కరెంటు వాటిలోంచే వస్తుంది. దానికీ అదే తొడుగులో రెండో నోరు ఉంటుంది. 2008 నాటి బడి కంప్యూటర్ డిస్కు అయితే ఎల్ ఆకారపు సాటా, ఇంకా తేలిక. 2016 తర్వాతి కార్యాలయపు ఎం.2 కార్డు 2040లో ఎవరికైనా లేబుల్ చెరిగిపోయి దొరికిందనుకోండి. రెండు గంట్లుంటే సాటా కావచ్చు, కాకపోవచ్చు. అప్పుడు సాటా మాత్రమే తెలిసిన చౌక తొడుగు చాలదు; ఎన్‌వీఎంఈ తొడుగు కూడా పెట్టుకుని, ఒకదానిలో కనబడకపోతే పాడైందని పారేయకుండా రెండోదానిలో చూడాలి. రెండు భాషలూ తెలిసిన తొడుగులు ఇప్పుడు అంగట్లో దొరుకుతున్నాయి, కాస్త ధర ఎక్కువ. పాత కాగితాలు సేకరించే గ్రంథాలయాలు ఇప్పుడే ఒకటి కొని పక్కన పెట్టుకోవడం మంచిది.